శివారుకి అందని కరెంటు

1831 అక్టోబరు 28న మైకేల్ ఫారడే ఒక రాగి పళ్లేన్ని తిప్పాడు. పన్నెండంగుళాల వెడల్పు, అంగుళంలో ఐదో వంతు మందం, మధ్యలో ఇత్తడి ఇరుసు. దాని అంచుని రాయల్ సొసైటీ వాళ్ళ పెద్ద అయస్కాంతం ధ్రువాల మధ్యలో ఉంచాడు. ఆ అయస్కాంతం అప్పుడు సొసైటీలో కూడా లేదు, వులిచ్‌లో క్రిస్టీ అనే గణితం మేష్టారింట్లో ఉంది. దాదాపు 450 కడ్డీ అయస్కాంతాలు పేర్చి కట్టిన మోపు అది. ఒక తీగ ఇరుసుకి, ఇంకోటి అంచుకి ఆనించి, రెండింటినీ గాల్వనోమీటరుకి కలిపాడు. పళ్లెం తిరుగుతున్నంతసేపూ ముల్లు ఒకవైపే వాలి ఉంది. ఎదురు తిప్పితే ఎదురువైపుకి వాలింది. ప్రపంచంలో మొదటి జనరేటర్ అదే.

పాఠ్యపుస్తకాల్లో ఈ కథ ఇక్కడితో అయిపోతుంది. ఫారడే రాసుకున్నదాంట్లో ఇంకో చిన్న వివరం ఉంది: పళ్లెం అంచుకి పాదరసం పట్టించాడు. రాగి మీద పాదరసం రుద్దితే పైపొర మెత్తబడి తళతళలాడుతుంది, దానికి ఆనించిన లోహంలోకి కరెంటు సులువుగా దిగుతుంది. అంటే ఇబ్బంది ఎక్కడుందో ఆయనకి మొదటి రోజుల్లోనే తెలుసు. కరెంటు పుట్టించడం కాదు కష్టం. తిరుగుతున్న దాంట్లోంచి తిరగని దాంట్లోకి దాన్ని దించుకోవడం. ఆ తర్వాత దాదాపు రెండొందల ఏళ్ళుగా ఈ యంత్రం మీద చెయ్యి వేసినవాళ్ళందరూ తిరిగి తిరిగి ఆ అంచు దగ్గరికే వచ్చి ఆగారు. నాకు దీని చరిత్రంతా ఆ పాదరసం పూత చరిత్రలాగే కనిపిస్తుంది.

దీన్ని హోమోపోలార్ జనరేటర్ అంటారు. మామూలు డైనమోలో తీగచుట్ట ఒకసారి ఉత్తర ధ్రువం ముందు నుంచి, ఇంకోసారి దక్షిణ ధ్రువం ముందు నుంచి పోతుంది, అందుకే లోపల కరెంటు అటూ ఇటూ మారుతూ ఉంటుంది. ఇక్కడ పళ్లెం ఎప్పుడూ ఒకే దిక్కు క్షేత్రాన్ని కోస్తుంది. కాబట్టి అచ్చమైన డీసీ. కమ్యుటేటర్ అక్కర్లేదు, డయోడ్లు అక్కర్లేదు, తీగ చుట్టే పనే లేదు. ఒక పళ్లెం, ఒక అయస్కాంతం, రెండు బ్రష్‌లు. ఇంతకన్నా తేలికైన కరెంటు మిషను ఊహించలేం. ఇంట్లో ఏదో ఒకటి చేద్దామనుకునేవాళ్ళని అందుకే ఇది లాగుతుంది.

లాగబడినవాళ్ళలో మా చిన్నాన్న కొడుకు ఒకడు. పాలిటెక్నిక్ చదివాడు, ఉండి దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటున్నాడు. రొయ్యల సంగతి తెలియని పట్నం పాఠకుల కోసం ఒక మాట: తెల్లారగట్ల చెరువు నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఏరేటర్లు ఆగకుండా నీళ్ళు చిలుకుతూ ఉండాలి. కరెంటు పోయి, డీజిల్ జనరేటర్ మొరాయించిందంటే నాలుగు నెలల పెట్టుబడి ఒక్క రాత్రిలో పోతుంది. వాడికి నిద్ర సరిగ్గా ఉండదు. అలాంటి రాత్రుల్లోనే ఫోన్‌లో ‘ఫ్రీ ఎనర్జీ’ వీడియోలు చూశాడు. అయస్కాంతానికే పళ్లేన్ని అతికించి తిప్పితే ఎదురు బలం రాదనీ, ఇచ్చినదానికంటే ఎక్కువ కరెంటు వస్తుందనీ వాటి సారాంశం. అలాంటిదొకటి చేయించడానికి లక్షన్నర పక్కన పెట్టుకున్నాడు కూడా.

“అన్నయ్యా, నువ్వు ట్రిపుల్ ఈ చదివావు కదా. ఇది పనిచేస్తుందో లేదో ఒక్క మాట చెప్పు.”

చెయ్యదు అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ వాడలాంటి ఒక్క మాటలు ఇద్దరు ముగ్గురి దగ్గర అప్పటికే విన్నాడు, నమ్మలేదు. హైదరాబాదులో కోడ్ రాసుకునే నేను చెప్పినా నమ్మడు. అందుకని ముందు కాగితం మీద లెక్క వేద్దాం, తర్వాత చిన్నదొకటి చేసే చూద్దాం అన్నాను.

లెక్క నిజంగా చిన్నది. పళ్లెం గుండా పోయే మొత్తం అయస్కాంత ప్రవాహాన్ని సెకనుకి ఎన్ని చుట్లు తిరుగుతుందో దానితో గుణిస్తే వోల్టేజీ వస్తుంది. అంతే. ఫారడే పళ్లెమంత, 30 సెంటీమీటర్లది తీసుకుందాం. దాని మొత్తం మీద 0.3 టెస్లా క్షేత్రం ఉందనుకుందాం (ఇంట్లో చేసుకునేవాడికి ఇది చాలా గొప్ప క్షేత్రం, అయస్కాంతాలకే జేబు ఖాళీ అవుతుంది). నిమిషానికి 1500 చుట్లు తిప్పితే వచ్చేది 0.53 వోల్టు. ఒక టార్చిలైటు సెల్‌లో మూడో వంతు. ఫోన్ చార్జింగుకి కావలసిన 5 వోల్టులు రావాలంటే నిమిషానికి 14,000 చుట్లు తిప్పాలి. అప్పుడు పళ్లెం అంచు గంటకి 800 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. అంతదాకా రాకముందే మెత్తటి రాగి సాగిపోతుంది.

“వోల్టులు తక్కువైతే ఏంటి, ఆంపియర్లు ఎక్కువొస్తాయంటున్నారుగా?” అన్నాడు. నిజమే. ఐదు మిల్లీమీటర్ల మందం రాగి పళ్లెంలో ఇరుసు నుంచి అంచు దాకా ఉన్న నిరోధం ఓమ్‌లో పది లక్షల వంతు ఒకటీ, ఒకటిన్నర. కాగితం మీద చూస్తే మూడు లక్షల ఆంపియర్ల పైన పారాలి.

ఇక్కడ డెల్టా వాళ్ళకి ఫిజిక్సు చెప్పడం తేలిక. వోల్టేజీ అంటే నీటి ఎత్తు, కరెంటు అంటే నీటి పరిమాణం. ఎత్తు మీంచి దూకే నీళ్ళు మాచ్‌ఖండ్. అక్కడ నీళ్ళు తక్కువైనా దూకుడు ఎక్కువ, 1955 నుంచి మన జిల్లాల బల్బులు వెలిగించింది ఆ దూకుడే. ధవళేశ్వరం అలా కాదు. ఫారడే పళ్లెం తిప్పిన ఏడాది రెండేళ్ళకే, 1832-33లో, ఈ జిల్లాల్ని నందన కరువు ఊడ్చేసింది. గోదావరి నిండా నీళ్ళు పోతుంటే పక్కనే జనం చచ్చిపోయారు. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేసిన కాటన్, నీటిమట్టాన్ని కొద్ది అడుగులే లేపాడు. కొద్ది ఎత్తు, బోలెడంత నీరు. అలాంటి నీళ్ళకి ప్రతి లాకు, ప్రతి తూము, కాలవలో పెరిగిన ప్రతి గుర్రపుడెక్క మొక్కా లెక్కే, ఎందుకంటే పోగొట్టుకోవడానికి ఎత్తు లేదు. కాలవ తలలో నిండుగా ఉన్నా శివారు చేలకి నీళ్ళందవని ఉండిలో చిన్నపిల్లాడినడిగినా చెబుతాడు. ఫారడే పళ్లెం కూడా అంతే. నీళ్ళకి కొదవ లేదు, తూము దగ్గరే తంటా.

తంటా ఎంతో చూద్దాం. మామూలు చెరువు ఏరేటర్ రెండు హార్స్‌పవర్లది, ఒకటిన్నర కిలోవాట్లు అనుకోండి. అర వోల్టు దగ్గర అంత పవర్ కావాలంటే 3000 ఆంపియర్లు పారాలి. ఇళ్ళల్లో ప్లగ్గులకి వాడే 2.5 ఎంఎం వైరు రెండు మీటర్లు తగిలిస్తే, ఆ వైరు నిరోధం ఒక్కటే కరెంటుని 40 ఆంపియర్ల లోపు ఆపేస్తుంది. 3000 పారాలంటే నాలుగు సెంటీమీటర్ల చదరం ఉన్న రాగి కడ్డీ వేయాలి, మీటరుకి పద్నాలుగు కిలోల బరువు. ఇంత లావు కడ్డీ వేసినా, అది తిరుగుతున్న పళ్లేన్ని ముట్టుకోవాలి కదా. ఆ ముట్టుకునే చోటు పేరు బ్రష్.

ఇంజనీరింగులో డీసీ మిషన్ల లెక్కలు చేసినవాళ్ళకి ఒక వాక్యం గుర్తుండే ఉంటుంది: బ్రష్‌కి ఒక వోల్టు డ్రాప్ అనుకోండి. 220 వోల్టుల మిషన్లో రెండు బ్రష్‌లకి రెండు వోల్టులు పోతే ఎవరికీ పట్టదు, చాలా లెక్కల్లో వదిలెయ్యమని కూడా అంటారు. మన పళ్లెం పుట్టించేదే అర వోల్టు. మామూలు కార్బన్ బ్రష్‌ల దగ్గర పోయేదే దానికి నాలుగింతలు. కాలవ అడుగుకంటే తూము గడప ఎత్తుగా ఉన్నట్టు. రాగిపొడి కలిపిన గ్రాఫైట్ బ్రష్‌లు వాడితే రెండింటికీ కలిపి అర వోల్టు దాకా తగ్గుతుంది. అప్పుడు 0.53లో మిగిలేది 0.03.

రాపిడి సంగతి ఇంకా చెప్పలేదు. 3000 ఆంపియర్లని ఆగకుండా మోయాలంటే అంచు చుట్టూ దాదాపు 150 చదరపు సెంటీమీటర్ల బ్రష్ ఆని ఉండాలి. ఆనాలంటే స్ప్రింగుతో నొక్కాలి. మామూలుగా నొక్కే ఒత్తిడి, మామూలు రాపిడి లెక్కేస్తే, 1500 చుట్ల వేగంలో ఆ రుద్దుడికే 1.4 కిలోవాట్లు పోతుంది. ఒకటిన్నర కిలోవాట్లు పుట్టించడానికి ఇంచుమించు అంతా రుద్దుడికి ముందే కట్టాలన్నమాట. ఈ లెక్క చూశాక మావాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత “అయినా ఒకటి చేద్దాం అన్నయ్యా” అన్నాడు. నాకూ చెయ్యాలనే ఉంది.

రాజమండ్రి తాడితోట వైపు నాకు తెలిసిన మోటార్ వైండింగ్ షాపు ఒకటుంది. ఆయనకి అరవై దాటాయి. గోడకి ఆనించిన మోటార్లలో సగం చెరువుల నుంచి కాలిపోయి వచ్చినవే. రాగి పళ్లెం, ఇరుసు, అయస్కాంతాలు బొమ్మ గీసి చూపిస్తే చాలాసేపు చూసి ఒకటే అడిగారు: “అంతా బానే ఉందండి. మరి చుట్లేవండి?”

హోమోపోలార్ మీద నేను చదివినవాటిలో ఇంత సూటిగా అసలు విషయాన్ని పట్టుకున్న వాక్యం ఇంకోటి లేదు. మామూలు మోటారులో, జనరేటర్లో వోల్టేజీ వచ్చేది చుట్ల వల్లే. ఒక్కో చుట్టు కాస్త కాస్త ఇస్తుంది, వందల చుట్లు వరసగా కలిపితే 220, 415 అవుతాయి. పళ్లేనికి చుట్టు అనేదే లేదు, ఎంత పెద్దదైనా అది ఒకే ఒక్క తీగ. పోనీ పది పళ్లేలు వరసగా కలుపుదామంటే ప్రతి దానికీ మళ్ళీ రెండు బ్రష్‌లు. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఒక తూము.

ఆయన షాపులో ఉన్న మోటార్ల పలకల మీద ఎక్కువగా కనిపించే ఊరు కోయంబత్తూరు. దానికీ ఒక తెలుగు కథ ఉంది. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు బడి చదువు పూర్తిచేయలేదు. 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచి-పళని దారిలో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థ కట్టాడు, గడియారాలూ షేవింగ్ రేజర్లూ విప్పి మళ్ళీ కొత్తగా చేశాడు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి చేసిన మోటార్‌ని మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారుగా చెప్పుకుంటారు. వాళ్ళెందుకు నెగ్గారు అంటే ప్రతిభ అనేస్తాం, ప్రతిభ ఉంది కూడా. కానీ 1930ల మొదట్లో పైకారా జలవిద్యుత్తు ఆ జిల్లాకి వచ్చింది. మిల్లులున్నాయి, బావులున్నాయి, పంపులు కావాలి. తీగల్లో వచ్చే వోల్టేజీకి సరిపోయే మిషను చుట్లున్న మిషనే. ఇంట్లో చేసిన యంత్రం బతకాలంటే దాని వోల్టేజీ వీధి వోల్టేజీతో మాట్లాడాలి. పళ్లెం ఎవరితోనూ మాట్లాడదు.

మా పళ్లెం 15 సెంటీమీటర్లది. పెళ్ళిళ్ళ మైకుసెట్ల పాత స్పీకర్లలోంచి తీసిన రింగు అయస్కాంతాలు అటొకటి ఇటొకటి. పళ్లెం అయస్కాంతం కంటే పెద్దదిగా ఉండకూడదు. చూడ్డానికి పెద్ద పళ్లెం మంచిదనిపిస్తుంది గానీ, అయస్కాంతం నుంచి బయటికెళ్ళిన బలరేఖలు దాని పక్కనుంచే వెనక్కి తిరిగొస్తాయి. పళ్లెం అక్కడిదాకా ఉంటే ఆ వెనక్కొచ్చేవాటినీ కోస్తుంది, లోపల సంపాదించిన వోల్టేజీని బయట పోగొడుతుంది. తిప్పడానికి షాపులోదే 1440 ఆర్పీఎమ్ మోటారు. బ్రష్‌ల దగ్గర మాత్రం మేష్టారే (షాపాయన్ని నేనలాగే పిలుస్తాను) తోవ చూపించారు. “కార్బన్‌వి వద్దండి. లారీ సెల్ఫ్ మోటారు బ్రష్‌లు తెచ్చుకోండి.” ఇంజను స్టార్ట్ చేసే సెల్ఫ్‌కి 12, 24 వోల్టులే, ఆంపియర్లు వందల్లో. అందుకే వాటి బ్రష్‌ల్లో రాగి ఎక్కువ కలుపుతారు. వాటి రంగే ఎర్రగా ఉంటుంది.

కార్బన్‌ని బ్రష్‌గా వాడొచ్చని 1885లో పేటెంటు తీసుకున్నవాడు జార్జ్ ఫోర్బ్స్ అనే స్కాట్లండ్ ఇంజనీరు. అంతకుముందు రాగి తీగల కుచ్చులే ఆనించేవారు, ‘బ్రష్’ అన్న పేరు అలా వచ్చిందే. ఆ ఫోర్బ్స్ కూడా ఈ చుట్లు లేని డైనమోల మీద చాలాకాలం కుస్తీ పట్టినవాడు. ఈ యంత్రం తను నెగ్గలేదు గానీ, పక్కింటి యంత్రాలన్నిటికీ బ్రష్ ఇచ్చి పోయింది.

నిజంగా దీన్ని పెద్ద పవర్‌హౌస్ మిషనుగా నిలబెట్టాలని చూసినవాడు వెస్టింగ్‌హౌస్ చీఫ్ ఇంజనీరు బెంజమిన్ లామ్. (వాళ్ళ చెల్లెలు బెర్తా కూడా అదే కంపెనీలో డిజైన్ ఇంజనీరు, 1893లోనే డిగ్రీ తీసుకుంది. ఆవిడ మీద విడిగా రాయాలి.) ఆయన మిషను 2000 కిలోవాట్లు, 260 వోల్టులు, 1200 చుట్లు. పళ్లెం బదులు స్థూపం పెట్టి, దాని మీద కడ్డీలు పరిచి, ఒక్కో కడ్డీకి రెండు చివర్లా విడి విడి రింగులు పెట్టి, బయటి తీగలతో వాటిని వరసగా కలిపాడు. మా షాపాయన అడిగిన చుట్లు అక్కడున్నాయి, కానీ ప్రతి చుట్టుకీ రింగులూ బ్రష్‌లూ చెల్లించి తెచ్చుకున్నవి. 1912లో అమెరికన్ ఇంజనీర్ల సంఘానికి ఆయన సమర్పించిన పేపర్ పేరులో ‘విజయవంతమైన’ అన్న మాట ఉంది. లోపల మాత్రం రింగులూ బ్రష్‌లూ పెట్టిన బాధలు దాచుకోకుండా రాసుకొచ్చాడు. గెలిచాక ఓపిగ్గా తన కష్టాల పద్దు అప్పజెప్పే ఇంజనీర్లంటే నాకు గౌరవం.

టెస్లా ఇంకో దారి వెతికాడు. 1889 నాటి పేటెంటులో రెండు పళ్లేలు, ఎదురెదురు క్షేత్రాలు, రెండింటి అంచుల్నీ కలుపుతూ ఒక లోహపు బెల్టు. కరెంటు ఒక పళ్లెం ఇరుసులో దిగి, అంచుకి వెళ్ళి, బెల్టు మీదుగా రెండో పళ్లెం అంచెక్కి, దాని ఇరుసులోంచి బయటికొస్తుంది. బ్రష్‌లు ఇరుసుల దగ్గర మాత్రమే, అక్కడ వేగం తక్కువ, రుద్దుడు తక్కువ. చాలా అందమైన ఆలోచన. 1891లో ఇదే యంత్రం మీద ఒక వ్యాసం రాస్తూ, పళ్లేన్ని సుడిలాగా చీలిస్తే అందులో పారే కరెంటే తన క్షేత్రాన్ని తనే నిలబెట్టుకోగలదన్నాడు. ఆ వాక్యాన్నే ‘ఫ్రీ ఎనర్జీ’ వాళ్ళు పట్టుకున్నారు. తన క్షేత్రాన్ని తనే పుట్టించుకోవడం వేరు, తనంతట తను తిరగడం వేరు. మొదటిది మామూలు డైనమోలన్నీ చేసేదే. మన కాళ్ళ కింద భూగర్భంలో కరిగిన ఇనుము చేస్తున్నదీ అలాంటిదే. ఎడ్వర్డ్ బుల్లార్డ్ 1955లో భూమి అయస్కాంతత్వాన్ని అర్థం చేసుకోడానికి తీసుకున్న నమూనా ఈ పళ్లేన్నే. భూమికి బ్రష్‌ల బాధ లేదు, అక్కడ అంతా ద్రవమే. తిప్పుడు ఖర్చు మాత్రం ఆ వేడి ఇచ్చుకుంటూనే ఉంది.

పాదరసం లాంటి ద్రవాన్నే బ్రష్‌గా పెడితే? ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద మిషను అలాగే మొదలైంది. మార్క్ ఓలిఫంట్ కాన్‌బెర్రాలో ప్రోటాన్ యాక్సిలరేటర్ కోసం తలపెట్టిన హోమోపోలార్ జనరేటర్. 1962 నుంచి 1980ల మధ్య దాకా పనిచేసింది. పెద్ద పెద్ద ఉక్కు చక్రాల్ని మెల్లగా వేగం ఎక్కించి, దాచిన శక్తినంతా ఒక్కసారిగా దింపడం దాని పని. పదిహేను లక్షల ఆంపియర్లకి పైగా. మొదట సోడియం-పొటాషియం కలిపిన ద్రవలోహపు ధారల్ని చక్రాల మీదికి చిమ్మి కరెంటు తీసేవారు. ఆ ద్రవానికి తడి తగిలితే మంట, మన కోనసీమ గాలిలో అలాంటిది తల్చుకోడానికే భయం. తర్వాత దాన్ని తీసేసి రాగి-గ్రాఫైట్ బ్రష్‌లే పెట్టారు. అంటే, మా లారీ సెల్ఫ్ బ్రష్‌ల పెద్దన్నల్ని. యాక్సిలరేటర్ ఎప్పటికీ పూర్తి కాలేదు. అక్కడి జనం ఆ మిషనుకి ‘వైట్ ఓలిఫంట్’ అని పేరు పెట్టారు, తెల్ల ఏనుగన్నమాట. దాంట్లో పట్టే శక్తి 500 మెగాజౌల్స్ అని చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. తర్వాత యూనిట్లలోకి మార్చి చూశాను: 139 యూనిట్లు. మా ఇంటి నెల కరెంటు బిల్లు. కాకపోతే ఆ నెలంతా ఒకట్రెండు సెకన్లలో.

ఇక మావాడి వీడియోల సంగతి. అయస్కాంతాన్ని పళ్లేనికి అతికించి రెండూ కలిపి తిప్పినా కరెంటు వస్తుందన్నది నిజం. ఫారడే కూడా ఆ రోజుల్లోనే చూశాడు. అయస్కాంతం ఒక్కటే తిప్పి పళ్లేన్ని ఆపితే రాదు. తలతిరిగే విషయమే, దీనికి ఫారడే వైరుధ్యం అని పేరు కూడా పెట్టారు. చిక్కు విప్పేది మనం మర్చిపోయే మూడో వస్తువు: బ్రష్‌లూ వాటికి తగిలించిన తీగా. అవి తిరగవు. సర్క్యూట్‌లో ఒక భాగం తిరుగుతోంది, ఒక భాగం నిలబడి ఉంది, వోల్టేజీ ఆ తేడాలోంచి వస్తుంది. ఎదురు బలమూ అక్కడే ఉంటుంది. అతికించిన అయస్కాంతాన్ని వెనక్కి లాగేది, నిలబడి ఉన్న ఆ తీగలో పారే కరెంటు.

అమెరికాలో బ్రూస్ డిపాల్మా 1970ల చివర్లో ఇలాంటి అతికింపు యంత్రానికి ‘ఎన్-మెషీన్’ అని పేరుపెట్టి, ఇచ్చినదానికంటే ఎక్కువిస్తుందన్నాడు. ఎంఐటీలో చదువుకున్నవాడే. ‘స్కార్‌ఫేస్’ తీసిన బ్రయాన్ డి పాల్మాకి అన్న. మన దేశంలో పరమహంస తివారీ ఉన్నారు. కర్ణాటకలో కైగా అణువిద్యుత్ ప్రాజెక్టుని నడిపిన సీనియర్ ఇంజనీరు. ఆయన తన హోమోపోలార్ యంత్రానికి ‘స్పేస్ పవర్ జనరేటర్’ అని పేరుపెట్టి, శూన్యంలోంచి శక్తి వస్తోందని చాలా ఏళ్ళు వాదించారు. ఆ వాదనని విజ్ఞాన లోకం ఒప్పుకోలేదు, అలాంటి మిషను ఏ ఊరికీ కరెంటివ్వలేదు. వీళ్ళని మోసగాళ్ళనేయడం నాకు తేలిగ్గా లేదు. రియాక్టర్లు కట్టినాయనకి వాట్ల లెక్క తెలియదని ఎలా అంటాం? ఈ యంత్రం తనని కొలిచేవాణ్ణి ఎలా తప్పుదారి పట్టిస్తుందో, మా చిన్న పళ్లెం దగ్గర కూర్చున్నాక నాకు కొంత తెలిసింది.

మాదాంట్లో ఒక్కో బ్రష్‌ని కిలో బరువంత స్ప్రింగుతో నొక్కాం. అంచు దగ్గర ఆ రుద్దుడు ఒక్కటే 20 వాట్ల పైన తింటుంది. పళ్లెం నుంచి బయటికి తీసింది ఒక్క వాటు కూడా లేదు. ఇప్పుడు కరెంటు తీస్తే ఎదురు బలం వస్తుందో లేదో చూడాలంటే, మోటారు తీసుకునే పవర్‌లో ఆ వాటు లోపు తేడా కనపడాలి. కానీ బ్రష్ వేడెక్కితే రాపిడి మారుతుంది. అందులోంచి కరెంటు పారినా మారుతుంది, ఒక్కోసారి జారుడు పెరిగి రాపిడి తగ్గుతుంది కూడా. అప్పుడేమవుతుంది? లోడ్ తగిలించగానే మోటారు తీసుకునే పవర్ పెరగడం మానేసి కాస్త తగ్గుతుంది. మీటర్ అబద్ధం చెప్పలేదు. మనిషీ అబద్ధం చెప్పడు. కరెంటు బయటికొస్తోంది, ఖర్చు తగ్గింది! రాత్రి రెండింటికి, చెరువు గట్టు మీద, డీజిల్ బిల్లు జేబులో పెట్టుకుని ఆ ముల్లు చూసినవాడు ఏమనుకుంటాడు?

మావాడు ఆ తగ్గుదల చూశాడు. ఒక్కసారి నా మొహంలోకి చూశాడు. నేనేం మాట్లాడలేదు. మేష్టారు బ్రష్ ఒకటి పైకెత్తి, తీగ పీకేసి, మళ్ళీ దింపి, “ఇప్పుడు చూడండి బాబూ, కరెంటు లేదు కదా, ఊరికే తిరగనివ్వండి” అన్నారు. పది నిమిషాల్లో, కరెంటు తీయకుండానే, బ్రష్ వేడెక్కేకొద్దీ మోటారు పవర్ అంతకంటే ఎక్కువ తగ్గింది. ఆయ్, అదేనండి, అన్నారాయన.

తర్వాత మావాడే ఇంకో ప్రశ్న వేశాడు. బ్రష్ అంత వేడెక్కితే, రెండు వేరే లోహాలు కలిసినచోట వేడి వల్లే కొంత వోల్టేజీ పుడుతుంది కదా, మనం చూస్తున్నదాంట్లో పళ్లేనిదెంత, వేడిదెంత? మంచి ప్రశ్న. జవాబు ఫారడే మొదటి ప్రయోగంలోనే ఉంది. ఎదురు తిప్పాలి. పళ్లేనిది గుర్తు మారుతుంది, వేడిది మారదు. మోటారుకి రెండు ఫేజులు తిరగేసి తగిలించాం. ఇటు తిప్పితే 34 మిల్లీవోల్టులు, అటు తిప్పితే మైనస్ 36. తేడాలో సగం, ఆ ఒక్క మిల్లీవోల్టు బ్రష్ వేడిదా, మల్టీమీటర్‌దా అని వాడు ఇంకో గంట అక్కడే కూర్చున్నాడు. మేష్టారు లైట్లార్పుతూ తాళంచెవి వాడి పక్కన పెట్టి వెళ్ళారు.